బెడ్‌లామ్ ఎందుకు ఆగింది? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో డబ్బు, కాన్ఫరెన్సులు, రైవల్రీల లెక్క

2023 నవంబరు 4న స్టిల్‌వాటర్‌లో ఓక్లహోమా స్టేట్ 27-24 తేడాతో ఓక్లహోమాను ఓడించింది. అభిమానులు బెడ్‌లామ్ అని పిలుచుకునే ఈ పోరు 1904లో మొదలైంది. ఆ రోజుతో కలిపి ఓక్లహోమావి 91 గెలుపులు, ఓక్లహోమా స్టేట్‌వి 20, డ్రాలు 7. ఆ రెండు విశ్వవిద్యాలయాలూ ఒకే రాష్ట్రంలో, కారెక్కితే గంటన్నర లోపు దూరంలో ఉన్నాయి. అయినా వాటి మధ్య ఏటా జరిగే ఫుట్‌బాల్ ఆట అక్కడితో ఆగిపోయింది.

ఏడాది దాటాక, 2024 నవంబరు 30న, టెక్సాస్ జట్టు కాలేజ్ స్టేషన్‌లోని కైల్ ఫీల్డ్‌లో దిగి టెక్సాస్ ఏ అండ్ ఎమ్‌ను 17-7తో ఓడించింది. 2011 థ్యాంక్స్‌గివింగ్ రాత్రి టెక్సాస్ కిక్కర్ జస్టిన్ టకర్ ఆఖరి క్షణంలో కొట్టిన ఫీల్డ్ గోల్‌తో 27-25గా ముగిసిన తర్వాత ఆ రెండు జట్లు మళ్లీ కలవడం అదే మొదటిసారి.

ఒక రైవల్రీ ఆగడానికీ, ఇంకొకటి తిరిగి రావడానికీ కారణం ఒక్కటే. టెక్సాస్, ఓక్లహోమా కలిసి బిగ్ 12 కాన్ఫరెన్స్ వదిలి 2024 జులై 1న సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్ (ఎస్‌ఈసీ)లో చేరాయి. ఒప్పందం ముగియకముందే వెళ్లినందుకు రెండూ కలిపి 10 కోట్ల డాలర్లు వదులుకున్నాయి. ఏ అండ్ ఎమ్ 2012 నుంచే ఎస్‌ఈసీలో ఉంది, ఓక్లహోమా స్టేట్ బిగ్ 12లోనే ఉండిపోయింది.

అంతా డబ్బు మహిమ అని తేల్చేయడం తేలిక. కానీ బెడ్‌లామ్ నష్టాల ఆట కాదు. స్టేడియం నిండేది, టీవీ ముందు జనం ఉండేవారు. ఆ ఆటను ఏటా ఆడించి తీరాలన్న బాధ్యత ఏ కాగితం మీదా ఎవరి పేరునా రాసి లేకపోవడమే అది ఆగడానికి అసలు కారణమని నా అభిప్రాయం. రాసిపెట్టి ఉన్నచోట రైవల్రీలు ఈ గందరగోళంలోనూ నిలబడ్డాయి. దీన్ని అర్థం చేసుకోవాలంటే కాన్ఫరెన్స్ అంటే అసలేమిటో ముందు చూడాలి.

కోర్టు తీర్పుతో మారిన కాన్ఫరెన్స్

మొదట్లో కాన్ఫరెన్స్ అంటే ఇరుగుపొరుగు విశ్వవిద్యాలయాల సంఘం. రైల్లోనో బస్సులోనో వెళ్లి ఆడి రాగలిగినవి ఒక గుంపుగా ఉండేవి. ఏ జట్టు ఎన్నిసార్లు టీవీలో కనిపించాలో కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ నిర్ణయించేది. టికెట్ల అమ్మకం పడిపోతుందన్న భయంతో ప్రసారాలను గట్టిగా అదుపులో పెట్టేది. ఈ కట్టడిపై ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి. 1984లో సుప్రీంకోర్టు 7-2తో ఎన్‌సీఏఏ గుత్తాధిపత్యాన్ని కొట్టేసింది. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బైరన్ వైట్ స్వయంగా ఒకప్పటి ఫుట్‌బాల్ స్టార్.

ఆ తీర్పుతో ప్రసార హక్కులు అమ్ముకునే అధికారం విశ్వవిద్యాలయాలకు వచ్చింది. అవి కాన్ఫరెన్సులుగా కూడి మూకుమ్మడిగా అమ్మడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచి కాన్ఫరెన్స్ అంటే ప్రధానంగా టీవీ హక్కులు అమ్మే సంస్థే. ఈ మాట గుర్తుంటే తర్వాత జరిగినవన్నీ వరుసగా అర్థమవుతాయి. 1992లో 12 జట్లకు పెరిగిన ఎస్‌ఈసీ, సభ్యులను రెండు విభాగాలు చేసి, ఆఖర్లో అదనంగా ఒక చాంపియన్‌షిప్ ఆట పెట్టి అమ్ముకుంది. 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడి, అందులోని నాలుగు టెక్సాస్ జట్లు బిగ్ 8తో కలిశాక బిగ్ 12 పుట్టింది. 2007లో బిగ్ టెన్ అనే మరో కాన్ఫరెన్స్ సొంత ఛానల్ తెరిచింది. తమ జట్టున్న రాష్ట్రంలో కేబుల్ కనెక్షన్‌కు ఎక్కువ రుసుము, మిగతాచోట్ల నామమాత్రం. 2014లో రట్గర్స్, మేరీల్యాండ్‌లను తెచ్చుకోవడం వెనక న్యూయార్క్, వాషింగ్టన్ డీసీ పరిసరాల్లోని లక్షల కేబుల్ ఇళ్లున్నాయి.

ఇప్పుడు కేబుల్ బలహీనపడింది. ఎన్ని ఇళ్లకు ఛానల్ వెళ్తోంది అన్నదాని కంటే ఆ శనివారం ఎంతమంది చూశారన్నదే ముఖ్యమైంది. 2025 మార్చిలో తన సభ్యులైన ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్‌లతో కేసులు రాజీ చేసుకున్నప్పుడు అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) తన టీవీ ఆదాయంలో 60 శాతాన్ని వీక్షకుల సంఖ్యను బట్టి పంచడానికి ఒప్పుకుంది. ఒకే కాన్ఫరెన్స్‌లోని సభ్యుల మధ్య కూడా సమాన వాటా పోయిందన్నమాట.

చాలామంది పొరపడే విషయం ఇంకొకటుంది. మార్చిలో జరిగే బాస్కెట్‌బాల్ టోర్నీ డబ్బే ఎన్‌సీఏఏకు ప్రధాన ఆదాయం. జాతీయ చాంపియన్‌ను తేల్చే ఫుట్‌బాల్ ప్లేఆఫ్ డబ్బు ఎన్‌సీఏఏ చేతికి రాదు. 2026 నుంచి ఆరేళ్లకు ఈఎస్‌పీఎన్ దానికి సుమారు 780 కోట్ల డాలర్లు ఇస్తోంది. అందులో బిగ్ టెన్, ఎస్‌ఈసీలకు చెరో 29 శాతం దాకా, ఏసీసీకి 17, బిగ్ 12కు 15 శాతం దాకా వెళ్తుంది. "ఎన్‌సీఏఏ ఈ రైవల్రీలను ఎందుకు కాపాడదు?" అని అడిగేవాళ్లకు ఇదే జవాబు. ఫుట్‌బాల్ ఖజానా తాళం 1984 నుంచి దాని దగ్గర లేదు.

పాక్-12 ఎలా కూలింది

ఈ మొత్తం వ్యవహారంలో అభిమానులు లోతుగా చూడాల్సింది పాక్-12 పతనం. 1915 నాటి మూలాలున్న పశ్చిమ తీర కాన్ఫరెన్స్ రెండేళ్లలో పది మంది సభ్యులను పోగొట్టుకుంది.

మొదటి తప్పు 2012లోనే జరిగింది. బిగ్ టెన్ తన ఛానల్‌లో ఫాక్స్‌ను భాగస్వామిగా పెట్టుకుంది. పాక్-12 ఎవరికీ వాటా ఇవ్వకుండా ఏడు ఛానళ్లను సొంతంగా నడిపింది. వాటిని దేశమంతటా పంపిణీ చేయించే బలమైన భాగస్వామి లేడు. ఉపగ్రహ టీవీ సంస్థ డైరెక్‌టీవీతో చివరిదాకా ఒప్పందమే కుదరలేదు. ఫలితంగా సొంత అభిమానులే సొంత జట్టు ఆటను చూడలేకపోయారు.

2022 జూన్ 30న లాస్ ఏంజెలస్ విశ్వవిద్యాలయాలైన యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌కు వెళ్తున్నట్టు ప్రకటించాయి. లాస్ ఏంజెలస్ మార్కెట్ పోయింది. ఆ ఆగస్టులోనే బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లు దాటిన ఒప్పందం చేసుకుంది. బిగ్ 12 కొత్త కమిషనర్ బ్రెట్ యోర్మార్క్ తన ఒప్పందం గడువు ఇంకా ఉండగానే బేరానికి కూర్చుని, అక్టోబరుకల్లా ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో జట్టుకు ఏటా సుమారు 3.17 కోట్ల డాలర్లకు సంతకం చేయించాడు. పాక్-12 వంతు వచ్చేసరికి ఛానళ్ల జేబులు ఖాళీ అయ్యాయి. ఆఖరికి చేతిలో మిగిలింది ఆపిల్ కంపెనీ స్ట్రీమింగ్ ప్రతిపాదన. గ్యారంటీ మొత్తం బిగ్ 12 కంటే తక్కువ, ఆపైన వచ్చేది ఎంతమంది చందా కడతారన్నదానిపై ఆధారపడినది.

వీటన్నిటి కంటే పెద్ద దెబ్బ కొట్టింది ఒక తేదీ. గ్రాంట్ ఆఫ్ రైట్స్ అనే పత్రం ద్వారా ప్రతి విశ్వవిద్యాలయం తన సొంత మైదానంలోని ఆటల ప్రసార హక్కులను కాన్ఫరెన్స్‌కు ముందుగానే రాసిస్తుంది. జట్టు వెళ్లిపోయినా గడువు తీరేదాకా హక్కులు పాత కాన్ఫరెన్స్‌వే. ఏసీసీలో ఈ పత్రం 2036 దాకా ఉంది కనుకే ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్ కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. పాక్-12లో అది టీవీ ఒప్పందంతో పాటే 2024లో ముగిసేలా ఉంది. ఆ తర్వాత వెళ్లేవాళ్లకు జరిమానా లేదు, అడ్డూ లేదు.

2023 జులైలో కొలరాడో బిగ్ 12కు వెళ్లింది. ఆగస్టు 4న ఒక్కరోజే ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కు, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కు వెళ్తున్నట్టు తేలిపోయింది. ఒరెగాన్, వాషింగ్టన్ సగం వాటాకే, అంటే ఏటా సుమారు 3 కోట్ల డాలర్లకే ఒప్పుకున్నాయి. సెప్టెంబరు 1న స్టాన్‌ఫర్డ్, కాల్ (బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) పూర్తి వాటాలో మూడో వంతు కూడా లేని మొత్తానికి అట్లాంటిక్ తీరపు ఏసీసీలో చేరాయి. వాటితోపాటే వెళ్లిన డాలస్‌లోని ఎస్‌ఎంయూ తొమ్మిదేళ్లపాటు కాన్ఫరెన్స్ టీవీ డబ్బు తీసుకోకూడదన్న షరతుకు తలొగ్గింది. ఆ లోటు ధనిక దాతలు పూడుస్తున్నారు. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ మాత్రం మిగిలిపోయాయి. వాటి ఆటలో లోపమేమీ లేదు. వాటి ఊళ్లైన కార్వాలిస్, పుల్‌మన్ చిన్నవి, టీవీ మార్కెట్లు కావు, అంతే.

పన్నెండు ఆటల్లో చోటెక్కడ?

కాన్ఫరెన్సులు వేరైనా ఆడుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ఇక్కడే కాగితం, పెన్సిల్ తీసుకోవాలి.

రెగ్యులర్ సీజన్‌లో 12 ఆటలు. బిగ్ టెన్, బిగ్ 12లలో తొమ్మిది కాన్ఫరెన్స్ ఆటలే. మిగిలేవి మూడు. పెద్ద విశ్వవిద్యాలయం సొంత మైదానంలో కనీసం ఏడు ఆటలు కోరుకుంటుంది. సీజన్ టికెట్లు, ఆ సీటు కోసం కట్టే విరాళం, పార్కింగ్, తిండి, ప్రకటనలు అన్నీ ఆ ఏడు శనివారాల మీదే నడుస్తాయి. తొమ్మిది కాన్ఫరెన్స్ ఆటల్లో ఒక ఏడాది ఐదు ఇంటి దగ్గర, మరుసటి ఏడాది నాలుగు. నాలుగున్న ఏడాది ఏడు రావాలంటే మిగతా మూడూ ఇంటి దగ్గరే జరగాలి. ఐదున్న ఏడాది ఒక్కటి బయట ఆడొచ్చు.

అంటే ఒక ఏడాది ఇక్కడ, ఒక ఏడాది అక్కడ ఆడే బయటి ప్రత్యర్థికి సరిగ్గా ఒక్క గడి ఉంది. అదీ బయటకు వెళ్లే వంతు ఐదు ఇంటి ఆటలున్న ఏడాదిలో పడితేనే. అయోవా లెక్క చూడండి. 2024లో బిగ్ టెన్ ఇంటి ఆటలు నాలుగు, అయోవా స్టేట్ ఇంటికొచ్చింది, మొత్తం ఏడు. 2025లో ఐదు, అయోవా స్టేట్ ఊరైన ఏమ్స్‌కు వీళ్లు వెళ్లారు, అయినా మొత్తం ఏడే. సైహాక్ అని పిలిచే ఆ పోరు 1977 నుంచి కోవిడ్ ఏడాది 2020 తప్ప ఆగలేదు. దానికి మూల్యం కూడా ఉంది. ఆ ఒక్క గడినీ శాశ్వతంగా అయోవా స్టేట్‌కు ఇచ్చేశాక ఇంకో పెద్ద జట్టుతో రెండేళ్ల ఒప్పందం పెట్టుకుంటే ఒక ఇంటి ఆట పోతుంది.

ఎక్కువ విశ్వవిద్యాలయాలు ఆ గడిని ఏళ్ల ముందే అమ్మేస్తాయి. బయటి ఆటల ఒప్పందాలు ఎనిమిది, పదేళ్ల ముందే కుదురుతాయి. ఓక్లహోమాకు 2025, 2026లకు మిషిగన్‌తో ఒప్పందం ఎప్పుడో ఉంది. మిగిలిన గడుల్లోకి చిన్న జట్లను డబ్బిచ్చి పిలుస్తారు. ఒకసారి చెక్కు రాసేస్తే తిరిగి వాళ్ల ఊరు వెళ్లక్కర్లేదు. 2007లో మిషిగన్ 4 లక్షల డాలర్లిచ్చి పిలిచిన అపలాచియన్ స్టేట్ 34-32తో గెలిచి వెళ్లింది. 2024లో నాటర్‌డామ్ నుంచి 14 లక్షల డాలర్లు తీసుకున్న నార్తర్న్ ఇలినాయ్ 16-14తో గెలిచింది. అలాంటి దెబ్బలు ఎప్పుడో గానీ తగలవు. లెక్క ప్రకారం చిన్న జట్టు లాభం, సమ ఉజ్జీ పొరుగు జట్టు ఖర్చు. ఓక్లహోమా స్టేట్ కోచ్‌గా ఉన్నప్పుడు మైక్ గండీ, వెళ్లిపోవాలని నిర్ణయించుకున్నది ఓక్లహోమాయేనని బహిరంగంగానే చెప్పాడు. ఆయన కోపం న్యాయమైనదే. కానీ కోపం చల్లారినా ఆ గడి ఖాళీగా దొరికేది కాదు.

వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్‌ల ఆపిల్ కప్‌ది ఇంకో తరహా నష్టం. ఐదేళ్ల ఒప్పందంతో ఆటైతే నిలిచింది. కానీ థ్యాంక్స్‌గివింగ్ వారాంతపు చలిలో, సీజన్ ఆఖర్న జరగాల్సింది సెప్టెంబరుకు జరిగింది. ఎందుకంటే వాషింగ్టన్‌కు ఆఖరి వారం ఇప్పుడు ఒరెగాన్‌తో బిగ్ టెన్ ఆట. 2024 సెప్టెంబరు 14న సియాటెల్‌లోని లుమెన్ ఫీల్డ్‌లో, ఆట ముగిసే ముందు గోల్ లైన్‌కు ఒక్క గజం దూరంలో వాషింగ్టన్ నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం, ఆడింది. వాషింగ్టన్ స్టేట్ ఆ గజం ఇవ్వలేదు. 24-19. రైవల్రీలో ఉండాల్సినంత ఉత్కంఠా అందులో ఉంది. కానీ అది సీజన్ మూడో వారం. ఎవరి చాంపియన్‌షిప్ ఆశలూ ఆ గజం మీద ఆధారపడలేదు. రెండు జట్లూ ఏడాదంతా ఆడి, దెబ్బలు తిని, ఆఖరి రోజున ఎదురుపడటంలో ఉన్న బరువు తేదీతో పాటే పోయింది. అభిమానిగా నాకు ఇది ఆట ఆగిపోయినంత బాధగానే ఉంది.

రాసిపెట్టినచోట

ఫ్లోరిడా-ఫ్లోరిడా స్టేట్, జార్జియా-జార్జియా టెక్, సౌత్ కరోలినా-క్లెమ్సన్, కెంటకీ-లూయిస్‌విల్. ఈ నాలుగు జంటల్లోనూ ఒకటి ఎస్‌ఈసీ, ఒకటి ఏసీసీ. అయినా నవంబరు ఆఖరి వారంలో ఆడుతూనే ఉన్నాయి. ఎస్‌ఈసీ ఇన్నాళ్లూ ఎనిమిది కాన్ఫరెన్స్ ఆటలతో ఉండటం వీటికి కలిసొచ్చింది. 2026 నుంచి తొమ్మిదికి వెళ్లాలని 2025 ఆగస్టులో నిర్ణయించినప్పుడు ఈ నాలుగూ ప్రమాదంలో పడాలి. పడకపోవడానికి కారణం అదే నిర్ణయంలోని రెండో షరతు. ప్రతి ఎస్‌ఈసీ జట్టూ బిగ్ టెన్, ఏసీసీ, బిగ్ 12 జట్లు, ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని నాటర్‌డామ్‌లలో ఒకరితో ఏటా తప్పనిసరిగా ఆడాలి. పాత పొరుగు ప్రత్యర్థి ఆ షరతును తీరుస్తుంది. నిన్నటిదాకా ఖర్చుగా కనిపించిన ఆట ఆ ఒక్క వాక్యంతో అవసరమైన ఆట అయింది. కాన్ఫరెన్స్ లోపల కూడా ఒక్కో జట్టుకు ముగ్గురు ఏటా మారని ప్రత్యర్థులను కేటాయించారు. బిగ్ టెన్ కూడా యూఎస్‌సీ-యూసీఎల్‌ఏ, ఒరెగాన్-వాషింగ్టన్ లాంటి ఆటలను ఏటా ఉండేలా ఖాయం చేసింది.

షరతు లేనిచోట క్యాలెండరే యజమాని. పిట్స్‌బర్గ్-వెస్ట్ వర్జీనియా బ్యాక్‌యార్డ్ బ్రాల్ 2011 తర్వాత పదేళ్లు ఆగి, 2022లో 70 వేలకు పైగా జనం మధ్య తిరిగొచ్చింది. నాలుగేళ్లు ఆడారు. ఒప్పందం అయిపోయింది. మళ్లీ 2029లో.

ఇప్పుడు ఈ ఒత్తిడికి కొత్త ఖర్చు తోడైంది. 2025 జూన్ 6న ఆటగాళ్లకు డబ్బు చెల్లించే విషయమై నడిచిన హౌస్ కేసులో రాజీని జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. ఆ జులై నుంచి విశ్వవిద్యాలయాలు ఆటగాళ్లకు నేరుగా డబ్బివ్వొచ్చు. మొదటి ఏడాది పరిమితి ఒక్కో విశ్వవిద్యాలయానికి సుమారు 2.05 కోట్ల డాలర్లు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో 280 కోట్ల డాలర్ల పరిహారం వేరే. దశాబ్దాలపాటు వాళ్ల చెమట మీద స్టేడియాలు కట్టారు కనుక ఈ డబ్బు వాళ్లకు దక్కాల్సిందే. దీనివల్లే ఆట చెడిందనేవాళ్లు ఒక్కటి గుర్తుచేసుకోవాలి. 2023 నవంబరులో టెక్సాస్ ఏ అండ్ ఎమ్ తన కోచ్ జింబో ఫిషర్‌ను తీసేసి, ఇక పని చేయనందుకు 7.5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి సిద్ధపడింది. అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌కు వాటాదార్లు లేరు, లాభం చూపించాల్సిన అవసరం లేదు. వచ్చిందంతా ఖర్చయిపోతుంది. అందుకే బిగ్ టెన్‌లో ఏటా 6 కోట్ల డాలర్ల పైచిలుకు వాటా తీసుకునేవి కూడా చాలదంటాయి.

చాలనివాళ్లు ఎక్కడి నుంచి తెస్తారు? మధ్యస్థాయి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలావరకు విద్యార్థుల నుంచే. ఎమ్మెస్‌కు వెళ్లిన తెలుగు విద్యార్థులు సెమిస్టర్ బిల్లులో తప్పనిసరి స్టూడెంట్ ఫీజుల వరుస ఒకసారి విప్పి చూడాలి. చాలాచోట్ల అందులో అథ్లెటిక్స్ వాటా ఉంటుంది. దానికి బదులుగా విద్యార్థి టికెట్ ఉచితంగానో చవగ్గానో వస్తుంది. దాన్ని వాడుకోనివాళ్లే ఎక్కువ.

ఫుట్‌బాల్ కోసం కుదిరిన పెళ్లికి మిగతా క్రీడలు కాపురం చేయాల్సి రావడం మరో అన్యాయం. ఫుట్‌బాల్ జట్టు శనివారం ఒక్కసారి చార్టర్ విమానంలో వెళ్లొస్తుంది. స్టాన్‌ఫర్డ్ సాఫ్ట్‌బాల్, వాలీబాల్ అమ్మాయిలు 2,700 మైళ్ల దూరంలోని బోస్టన్ దాకా వెళ్లి ఆడి, తిరిగొచ్చి క్లాసులో కూర్చోవాలి. దీనికి దారి లేకపోలేదు. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్ ఒంటరిగా మిగిలినప్పుడు రెండేళ్లపాటు చాలా క్రీడలను పొరుగునున్న వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో ఆడించాయి. ఫుట్‌బాల్‌ను విడదీసి మిగతావాటిని ఊరికి దగ్గరగా పెట్టడం ఆచరణలో సాధ్యమేనని దీంతో తేలింది. పెద్ద కాన్ఫరెన్సులు ఎందుకు చేయవో నాకు సబబైన కారణం కనిపించదు.

అందరి హక్కులనూ కలిపి అమ్మాలన్న వాదన టెక్సాస్ టెక్ పాలక మండలి (రీజెంట్ల బోర్డు) అధ్యక్షుడు కోడీ క్యాంప్‌బెల్ లాంటివాళ్ల నుంచి వినిపిస్తోంది. ప్రొఫెషనల్ లీగులకు అలా అమ్ముకునే మినహాయింపును 1961 స్పోర్ట్స్ బ్రాడ్‌కాస్టింగ్ చట్టం ఇచ్చింది. కాలేజీలకు అది వర్తించదు. చట్టం మార్చితే 1984కు ముందున్న ఉమ్మడి అమ్మకం వేరే రూపంలో తిరిగొస్తుంది. ఎస్‌ఈసీ, బిగ్ టెన్ ఒప్పుకోవడం లేదు. విడిగా అమ్ముకుంటేనే వాళ్లకు ఎక్కువ వస్తుంది మరి. ఆ చట్టం కోసం ఎదురుచూడటం కంటే, ఎస్‌ఈసీ పెట్టినటువంటి షెడ్యూల్ షరతు కోసం తమ విశ్వవిద్యాలయంపై ఒత్తిడి తేవడమే అభిమానులకు అందుబాటులో ఉన్న పని. సీటు విరాళం కట్టే దాత మాట అథ్లెటిక్ డైరెక్టర్ వింటాడు.

దానికి సమయం ఎక్కువ లేదు. ఆపిల్ కప్ ఒప్పందం 2028తో సరి. బిగ్ టెన్ టీవీ ఒప్పందం 2029-30 సీజన్‌తో, బిగ్ 12ది ఆ మరుసటి ఏడాదితో ముగుస్తాయి. ఏసీసీ నుంచి బయటపడే జరిమానా 2030-31కల్లా 7.5 కోట్ల డాలర్లకు దిగుతుంది. ప్లేఆఫ్ ఒప్పందం గడువు 2031-32. తర్వాతి విడత వలసలు ఈ మూడేళ్ల మధ్యే జరుగుతాయి. బయటి ఆటల ఒప్పందాలు ఎనిమిదేళ్ల ముందే రాస్తారు కనుక, ఆ సీజన్ల గడులు ఇప్పటికే నిండుతున్నాయి.